ఆటోలో పుట్టిన ఉపవాసం

మా సంఘంలో అందరివీ పెట్టే చేతులే. ఈ మాట వెటకారంగా అనడం లేదు. వెటకారం ఇంకా మొదలుపెట్టలేదు.

ఏటా వేసవిలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరుగుతాయి. పై ఊరి నుంచి ప్రసంగీకుడు వస్తాడు. ఆయన ఏ పూట ఎవరింట్లో భోంచెయ్యాలన్నది తేలేసరికి మా స్త్రీల సమాజంలో సగంమంది మిగతా సగంతో మాటలు మానేస్తారు. ఒక ఏడు ఒకామె కోడి, మేక, రొయ్య, చేప నాలుగూ వండి ఎదురు చూసింది. తీరా చూస్తే ఆయన షుగరు మనిషి. రెండు పుల్కాలు, కాస్త పెరుగు చాలన్నాడు. పెళ్లికొడుకు పీటల మీద నుంచి లేచిపోయినట్టు ఆమె గోడకు చేరబడి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆ పెద్దమనిషి, ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టడం గురించి గంటన్నరసేపు చెప్పాడు. అందరం కళ్లు ఒత్తుకున్నాం. కూటం ముగిశాక పందిరి బయట చెయ్యి చాపి నిలబడ్డ ముసలాయన్ని, "పక్కకి జరుగు తాతా, కార్లు వస్తా ఉండాయి" అని తోసింది కూడా మేమే.

క్రిస్మస్‌కు ముందు చీరలు పంచుతాం. చీర ఒక కొస ఇచ్చేవాళ్ల చేతిలో, రెండో కొస పుచ్చుకునేవాళ్ల చేతిలో ఉండాలి. ఫోటో పడేదాకా ఎవరూ వదలకూడదు. ఒకసారి ఫోను మొరాయించి ఆలస్యమైతే ఒక ముసలమ్మ, "తీసినారా నాయనా, చెయ్యి లాగతాంది" అంది. ఫోటోలో ఆమె ముఖం కృతజ్ఞతతో నిండి ఉందని మా అధ్యక్షురాలు వాట్సాప్‌లో రాసింది. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను, వెనక వరసలో, చిరాకు ముఖంతో. చిరాకు పడినంత మాత్రాన అక్కడ లేనట్టు కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా ఊరు దొరవారిసత్రానికి దగ్గర. ఊరు దాటి తూర్పుకు పోతే పులికాట్ సరస్సు. డిగ్రీ చదువుకుని ఇరవై ఏళ్లు ప్రైవేటు స్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. నాకు నోరెక్కువని పేరు. అది అబద్ధమని ఎక్కడా వాదించలేదు, బహుశా నేను వాదించని విషయం అదొక్కటే.

మాకు ప్రతి శుక్రవారం సాయంత్రం గృహకూటం ఉంటుంది. వంతుల ప్రకారం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన. ప్రార్థన అయ్యాక ఆ ఇంటివాళ్లు టిఫిను పెట్టాలి. ఇది ఏ గ్రంథంలోనూ లేని నియమం, అందుకే ఎవరూ తప్పరు. వంతుల లిస్టు గుడి తలుపు పక్కన అంటించి ఉంటుంది. లిస్టులో పేరుందంటే మీరు సంఘంలో ఒకరు. లేదంటే మీరు సంఘం దయ చూపించే మనుషుల్లో ఒకరు. తేడా అంతే, కానీ చాలా పెద్ద తేడా.

సరస్సు ఒడ్డున యానాదుల కాలనీ ఉంది. అక్కడి నుంచి ఒకామె రెండేళ్లుగా గుడికి వస్తోంది. నా ఈడుది. నీళ్లలో దిగి చేపలు, పీతలు పడుతుంది, నాట్ల కాలంలో కూలికి పోతుంది. పోయిన ఏడు మా పాస్టరు అయ్యగారి చేత బాప్తిస్మం కూడా తీసుకుంది. గుడిలో పక్క తలుపు దగ్గర, చెప్పులు విడిచేచోటికి ఆనుకుని కూర్చుంటుంది. గృహకూటాలకు తప్పకుండా వస్తుంది. అందరికీ స్టీలు ప్లేట్లలో టిఫిను అందితే ఆమెకు పేపరు ప్లేటు అందుతుంది. మా ఇంట్లో మాత్రం అందరికీ పేపరు ప్లేట్లే పెట్టి, చాలా తెలివైన పని చేశానని మురిసిపోయాను.

మా నాయనమ్మ కాలంలో మా వాళ్లకు రైతుల ఇళ్ల ముందు దోసిట్లో ఎత్తునుంచి నీళ్లు పోసేవారు. ఈ సంగతి మా ఇళ్లలో అందరికీ తెలుసు. సాక్ష్యాలు చెప్పేటప్పుడు తలుచుకుని ఏడుస్తాం. ఏడ్చి, ముఖం కడుక్కుని, యానాది ఆమెకు పేపరు ప్లేటు అందిస్తాం.

కొత్త లిస్టు రాసే రోజున సమాజంలో నేనే లేచాను.

"ఆమె పేరు లేదే?"

"ఎవురిది?" అంది అధ్యక్షురాలు, తెలిసే. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ప్రేమను కూడా ప్రేయరు బెల్లు కొట్టినట్టు పలుకుతుంది.

"అయ్యగారు నీళ్లలో ముంచి లేపినారే, ఆమెది. ముంచేటప్పుడు మనిషే గదా, టిఫిను కాడ కాదా?"

"చిన్న ఇల్లమ్మా వాళ్లది. ఇరవై మందికి ఏం పెట్టగలదు? మనం భారం మోపకూడదు."

"భారమో కాదో ఆమెని అడిగినారా?"

"నీకు ప్రతిదానికీ వాదనే."

"మీకు ప్రతిదానికీ ప్రేమే. ఆ ప్రేమే ఆ పేరు కొట్టేసింది."

పక్క తలుపు దగ్గర ఆమె అంతా వింటూనే ఉంది. లేచి నిలబడి, "నా ఇంటికి వస్తారా అక్కా?" అంది.

"ఎందుకు రాం?"

"తింటారా?"

"ఎందుకు తినం?" అన్నాను, ఇరవై మంది నోళ్ల తరఫునా నేనే మాట ఇచ్చేసి. పేరు ఎక్కింది. అధ్యక్షురాలు ఆ పేరు రాసేటప్పుడు పెన్ను రాయడం లేదని రెండుసార్లు విదిలించింది.

ఆమె వంతు వచ్చిన శుక్రవారానికి ముందురోజు పొద్దున ఆమె మా ఇంటికొచ్చి, గుడివాళ్లకి ఏం చేస్తే ఇష్టమని అడిగింది. నువ్వేం పెట్టుకోబాకు, టీ చాలన్నాను.

"టీ ఎట్టక్కా, ఇంటికొచ్చినోళ్లకి? మా బావ ఇప్పటికే నవ్వతా ఉండాడు."

"ఎందుకు నవ్వడం?"

"'వాళ్లు నీకు కోకలిస్తారు, దుప్పట్లిస్తారు, నీ ఇంట్లో మెతుకు మాత్రం ముట్టరు. ముడితే నేను గూడా మీ గుడికొస్తా' అని కాలనీ అంతా చెప్పుకోని తిరగతాండాడు. నేనూ చెప్పినా, మా అక్క ఉంది, తింటాదని."

అక్క అంటే నేను. నాకు ఎంత గర్వం వేసిందంటే, ఆ పూటంతా మా ఆయనకు అదే చెప్పాను. ఆయన పేపరు మీది నుంచి తల ఎత్తకుండానే, "అయితే తిను" అన్నాడు. ఇంతకంటే మంచి సలహా నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు అది సలహా అని నాకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నేనేం చేశానంటే, ఇరవై మందికి సరిపడా పులిహోర కలిపాను. పాపం ఆమెకు కష్టం కదా అనుకున్నాను. పేపరు ప్లేట్లూ, వాటర్ ప్యాకెట్లూ సర్దాను. ఒక మనిషి ఇంటికి భోజనానికి పిలిపించుకుని, నా అన్నం, నా పళ్లాలు, నా నీళ్లు నేనే మోసుకుపోతూ దాన్ని దాతృత్వం అనుకున్నాను. ఇంత చదువుకున్నదాన్ని. అధ్యక్షురాలి 'భారం' మాటకూ నా 'కష్టం' మాటకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు, ఆవిడది హెడ్మిస్ట్రెస్ గొంతు, నాది పులిహోర వాసన.

నాలుగున్నరకు గుడి దగ్గర రెండు ఆటోలు ఎక్కాం. ముందు ఆటోలో అయ్యగారు, అధ్యక్షురాలు, నేను, ఇంకో ఏడెనిమిది మంది కుక్కుకుని కూర్చున్నాం. అయ్యగారి భార్య, మిగిలినవాళ్లు వెనక ఆటోలో. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు అధ్యక్షురాలు గొంతు సవరించుకుంది.

"అయ్యగారూ, పై వారం ఉజ్జీవ కూటాలు గదా. ఈ రోజు మనం ఉపవాసముండి ప్రార్థన చేస్తే బాగుంటాదని నా మనసులో ప్రభువు ప్రేరేపిస్తా ఉన్నాడు."

"మంచి ఆలోచనే" అన్నాడు అయ్యగారు, కిటికీ లేని ఆటోలో కిటికీలోంచి చూస్తున్నట్టు బయటికి చూస్తూ. ఆయన చెడ్డవాడు కాదు. గాలి ఎటు వీస్తే అటు ప్రార్థన చేస్తాడు.

"ఆమెన్" అన్నారు తక్కినవాళ్లు. వాళ్లలో ఒకామె నోట్లో ఉడకేసిన శెనక్కాయలు ఇంకా ఉన్నాయి. గేటు దగ్గర కొన్నవే. ఆమె ఆమెన్ అని, నమిలి, మింగి, మిగిలిన పొట్లం మడిచి సంచిలో దాచింది. ఆ క్షణం నుంచి ఆమె ఉపవాసం.

నేను ఏమన్నానని అడగండి. ఏమీ అనలేదు. నోరున్న మనిషిని, సమాజంలో లేచి అంత వాదించినదాన్ని, ఒడిలో క్యారేజీ పెట్టుకుని నోరు మూసుకున్నాను. నాకు ముందు వచ్చిన ఆలోచన, అయ్యో నా పులిహోర దండగైపోతుందే అని. దాని అడుగున ఇంకోటి ఉంది. అది ఊరట. దాన్ని తవ్వి చూసుకునే ధైర్యం అప్పుడు లేదు.

ఆమె ఇల్లు ఒక గది, ముందు పట్టా కట్టిన పంచ. వాకిట్లో నీళ్లు చల్లితే దుమ్ము అణిగి ఉంది. ఎవరెవరివో చాపలు తెచ్చి పరిచారు. ఒక మూల స్టీలు ప్లేట్లు బోర్లించి ఉన్నాయి, బూడిద పెట్టి తోమితే ఎండలో మెరుస్తున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో ప్లేటు అంచున ఒక్కో ఇంటి పేరు కొట్టి ఉంది. కాలనీ అంతా అప్పిచ్చింది. లోపల పొయ్యి మీది నుంచి మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన. నెల్లూరు జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ వాసన తర్వాత ఉపవాసం అన్న మాట పలకడానికి చాలా భక్తి కావాలి, లేదా చాలా రోత.

పంచ అవతల మంచం మీద కూర్చున్న మనిషే బావ అని నాకు చెప్పకుండానే తెలిసింది. ఇటు చూడనట్టు చూస్తున్నాడు. చుట్టుపక్కల గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడ్డారు.

ఆమె నా చేతిలో క్యారేజీ చూసింది. "అదేందక్కా?"

"నీకు కష్టమవుతాదని కాస్త పులిహోర..."

ఆమె చెయ్యి చాపలేదు. క్యారేజీ అందుకుని లోపల పెట్టదని నాకు అర్థమయ్యేదాకా నేను దాన్ని చాచి పట్టుకునే ఉన్నాను. చీర కొస పట్టుకున్న ముసలమ్మ లాగా.

పాటలు పాడాం. అయ్యగారు వాక్యం చెప్పాడు, పరదేశులను ఇంట్లోకి చేర్చుకోవడం గురించి. నోట్సు వేరే రాసుకొచ్చినట్టు లేదు, ఏ ఇంట్లో అయినా అదే చెప్తాడు. ఇక్కడ పరదేశులం మేమేనని ఆయనకు తట్టినట్టు లేదు. ఆఖరి ఆమెన్ అవుతుండగానే ఆమె లేచి ప్లేట్లు పరవడం మొదలుపెట్టింది.

"సిస్టర్, పెట్టబాకు" అంది అధ్యక్షురాలు, చాలా మెత్తగా. "ఈ దినం మేమందరం ఉపవాసం."

ఆమె ప్లేటు చేతిలో పట్టుకుని అట్లాగే ఆగింది. మంచం మీద బావ దగ్గాడు. అది దగ్గు కాదు.

అప్పుడు నాకు నోరొచ్చింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి రెట్టింపు వేగంతో వచ్చింది.

"ఎవురు పెట్టినారు ఉపవాసం? ఎప్పుడు పెట్టినారు? రైలు గేటు కాడనా? శెనక్కాయల పొట్లం సంచిలో ఉంది, తీసి చూపించమంటారా?"

"పరాయి ఇంట్లో ఇదేం రభస?" అంది అధ్యక్షురాలు.

"పరాయి ఇల్లా? నిన్నటిదాకా సహోదరి ఇల్లు గదా. అన్నం చూడంగానే పరాయిదైపోయిందా?"

"ఆత్మీయ విషయాలు నీకు తెలీవు."

"మీకు తెలుసు గదా, చెప్పండి. ఆ ఏడు ప్రసంగీకుడికి నాలుగు కూరలు వండినప్పుడు ప్రేరేపణ యాడికి పోయింది?"

ఇట్లా పోయింది. నేను బాగా మాట్లాడాను, కాదనలేను. ఒక్కో మాటకూ శెనక్కాయలామె ముఖం దాచుకుంటోంది, అయ్యగారు అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఇంతలో వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. అయ్యగారి భార్యది. పదేళ్లలో ఆవిడ సభలో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"పెట్టమ్మా నాకు."

"మనం ఉపవాసం గదా" అన్నాడు అయ్యగారు.

"మీది ముందు ఆటో. నాది వెనక ఆటో. మా ఆటోలో ఎవురూ ఏం చెప్పలా." ఆవిడ చాప మీద సర్దుకుని కూర్చుంది. "నాకు షుగరు, మాత్ర ఏసుకోవాల. పులుసు కాస్త జాస్తిగానే పొయ్యి."

వెనక ఆటో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు కూర్చున్నారు. మిగతావాళ్లకు వెనక ఆటోలో కూడా ప్రేరేపణ అందినట్టు అప్పటికప్పుడు గుర్తొచ్చింది.

ఆమె ముగ్గురికీ వడ్డించింది. గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"నువ్వక్కా? నువ్వు ఏ ఆటో?"

ఎంత సులువైన ప్రశ్న. కూర్చుని ఉంటే సరిపోయేది, జవాబు కూడా అక్కర్లేదు. కానీ ఆ ప్లేటు మీదికి నా చూపు పోయింది. నీళ్ల బిందె మీదికి పోయింది. ఎంతసేపు అంటే, రెప్ప కొట్టినంతసేపు. ఇరవై ఏళ్లు పిల్లలకు అంటరానితనం నేరమని పాఠం చెప్పిన దాని కళ్లు అవి. ఆమె చూసింది. సరస్సు అడుగున పీత కదిలితే కనిపెట్టే మనిషి, నా కళ్లు కదలడం చూడదా?

ఆ రెప్పపాటును కప్పిపుచ్చడానికి నేను చెయ్యగలిగిన పనే చేశాను. అధ్యక్షురాలి వైపు తిరిగి మళ్లీ వాదన అందుకున్నాను. పది నిమిషాలు. గెలిచాను. ఆవిడ, "సరే తల్లీ, తప్పే" అని లేచి ఆటో దగ్గరికి వెళ్లిపోయింది. నేను విజయగర్వంతో తిరిగేసరికి ముగ్గురూ తిని చేతులు కడుక్కున్నారు, ఆమె ప్లేట్లు తోముతోంది. వాడిన మూడూ, వాడనివి కూడా. ఎవరి ప్లేటు వాళ్లకు కడిగే ఇవ్వాలి కదా.

"పులిహోర..." అన్నాను.

"నీ ఇంటి అన్నం నీ ఇంట్లో తినచ్చుగదక్కా. ఇంత దూరం మోసుకొచ్చేదెందుకు?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే వాదించేదాన్ని.

బావ మంచం మీది నుంచి లెక్క చెప్పాడు. "ముగ్గురు తిన్నారు. నీ అక్క తిన్లా. నేను గుడి గడప దాకా వస్తా, లోపలికి రాను."

ఆదివారం అతను నిజంగానే వచ్చి, గడప దగ్గర నిలబడి, ఒక పాట విని వెళ్లిపోయాడు. సంఘమంతా అదేదో ఆత్మీయ విజయమని కృతజ్ఞతా ప్రార్థన చేసింది. అధ్యక్షురాలే చేయించింది. ఆవిడ మీద నాకున్న ఏవగింపు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. కాకపోతే అది ఇప్పుడు ఆవిడ దగ్గరే ఆగడం లేదు, అదే వచ్చిన చిక్కు.

యానాది ఆమె మామూలుగానే గుడికి వచ్చింది, మామూలుగానే వందనాలు చెప్పింది. 'అక్కా' మాత్రం మానేసి 'మేడమ్' అంది. మూడు ఆదివారాలు మేడమ్ అనిపించుకున్నాను.

మూడో ఆదివారం తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం బయల్దేరాను. వంటగదిలో చెయ్యి దానంతటదే క్యారేజీ మీదికి పోయింది. తీసేశాను. పండ్లు కొందామనుకుని బండి దగ్గర ఆగి, మానేశాను. ఉత్త చేతులతో ఒకరి ఇంటికి పోవడం నాకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర చెంగు పట్టుకుని నడిచాను. ఆటో దొరకలేదు. రోడ్డు నుంచి కాలనీ దాకా ఎండలో నడిచేసరికి కళ్లు బైర్లు కమ్మాయి.

ఆమె పంచలో కూర్చుని వల చిక్కులు విప్పుతోంది. లేవలేదు.

"ఏం మేడమ్, ఇట్టొచ్చినారు?"

"తినేదానికి వచ్చినా."

ఆమె వల పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఆకలేసి వచ్చినావా, బాధేసి వచ్చినావా?"

అబద్ధం చెప్పగలను. ఆ ముఖం ముందు కాదు. "బాధేసే బయల్దేరినా."

"బాధకి నేను అన్నం పెట్టను. అయ్యగారికాడికి పో, ప్రార్థన చేస్తాడు."

నోటికి ఆరు జవాబులు వచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. పంచ గుంజకు ఆనుకున్నాను. పొద్దున కాఫీ తప్ప కడుపులో ఏమీ పడలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఆకలిగా గూడా ఉంది" అన్నాను. "నిజంగా. రోడ్డు కాణ్నుంచి నడిచొచ్చినా."

ఆమె చేతులు దులుపుకుని లేచింది. తర్వాత బిందె వంచి గ్లాసుడు నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె నా కళ్లే చూస్తోంది.

"బియ్యం ఇప్పుడే ఏసినా. ఉడికేదానికి సేపు పడతాది" అంది. "కూచో."

కూర వాసన కూడా లేదు ఇంకా. సాయం చేస్తానని లేవబోతే, "ఊరికే కూచోవే" అని కసిరింది. ఆ వాకిట్లో, చేతిలో ఏమీ లేకుండా, నోట్లో ఏమీ లేకుండా, అన్నం ఉడికేదాకా కూర్చున్నాను.